గీజర్ ముట్టుకుంటే జిల్లుమంటోందా? ఇంటి వైరింగ్ నేర్పే వోల్టేజీ పాఠం

వాషింగ్ మెషీన్ మీద తడి చెయ్యి పెడితే సన్నగా జిల్లుమంటుంది. గీజర్ వేసి ఉండగా కుళాయి తిప్పితే వేళ్లు తిమ్మిరెక్కినట్టు ఉంటుంది. ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే ఒక్కోసారి చీమ కుట్టినట్టవుతుంది. చాలా ఇళ్లలో దీన్ని ‘కొంచెం కరెంటు పాసవుతోంది’ అని తేలిగ్గా తీసుకుంటారు. చెప్పులు వేసుకుని ముట్టుకోమని పిల్లలకు చెప్పి ఊరుకుంటారు. నిజంగా ప్రమాదమే అయితే బోర్డులో ఎంసీబీ పడిపోతుంది కదా అన్న ధీమా కూడా ఉంటుంది.

భౌతికశాస్త్రం ఆ ధీమాను సమర్థించదు. ఎంసీబీని తయారుచేసింది గోడలోని తీగను కాపాడటానికి. మనిషిని కాపాడేవి వేరే రెండు ఉన్నాయి. ఒకటి ఎర్త్ తీగ. రెండోది ఆర్‌సీసీబీ అనే మరో స్విచ్. జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్కల ప్రకారం ఇటీవలి సంవత్సరాల్లో మన దేశంలో ఏటా 10 వేల మందికి పైగా విద్యుదాఘాతంతో చనిపోతున్నారు. పొలాల్లో, రోడ్ల మీద, పని చేసే చోట జరిగే ప్రమాదాలతో పాటు ఇళ్లలో జరిగేవీ ఇందులో ఉన్నాయి. ఇంట్లో ప్రమాదాన్ని ఆపే సామాను పక్కవీధి ఎలక్ట్రికల్ షాపులోనే దొరుకుతుంది. అయితే అది ఎందుకు కావాలో తెలియాలంటే ముందు వోల్టేజీ అంటే ఏమిటో, మన ఇంట్లోకి వచ్చే తీగలు ఏం చేస్తాయో తెలియాలి.

ట్యాంకు ఎత్తే వోల్టేజీ

మూడంతస్తుల ఇల్లు ఒకటి ఊహించుకోండి. కింద సంపు, మేడ మీద ట్యాంకు. మోటారు వేస్తే సంపులోని నీరు ట్యాంకులోకి ఎక్కుతుంది. కింది అంతస్తులో కుళాయి తిప్పితే నీరు జోరుగా వస్తుంది. పై అంతస్తులో అదే కుళాయి, అదే పైపు అయినా ధార సన్నబడుతుంది. కారణం మనకు తెలిసిందే. ట్యాంకులోని నీటి మట్టానికీ కుళాయికీ మధ్య ఎత్తు తేడా ఎంత ఎక్కువుంటే నీటిని తోసే ఒత్తిడి అంత ఎక్కువ.

విద్యుత్తులో ఆ ఎత్తు తేడాకు సమానమైనది వోల్టేజీ. పాఠ్యపుస్తకాలు దీన్నే పొటెన్షియల్ భేదం అంటాయి. పైపులో సెకనుకు ఎంత నీరు పారుతోందో అది కరెంటుకు సమానం. దీన్ని ఆంపియర్లలో కొలుస్తారు. పైపు ఎంత ఇరుకుగా ఉందో అది నిరోధం, దాని కొలత ఓమ్. ఇక మోటారు చేసే పని బ్యాటరీ గానీ జనరేటర్ గానీ చేసే పని లాంటిది. అలెస్సాండ్రో వోల్టా 1800లో తన బ్యాటరీని ప్రపంచానికి తెలియజేశాడు. వోల్టు అనే ప్రమాణానికి పేరు ఆయన నుంచే వచ్చింది. 1827లో జార్జ్ ఓమ్ ప్రచురించిన సూత్రం ఈ మూడింటినీ ఒక్క లెక్కలో కలుపుతుంది. వోల్టేజీని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుంది. ఈ వ్యాసమంతటా మనకు కావలసింది ఈ ఒక్క భాగహారమే.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది, వోల్టేజీ ప్రవహించదు. ట్యాంకు ఎత్తు పైపులోంచి పారదు, పారేది నీరు. అలాగే తీగలో పారేది కరెంటు. దాన్ని తోసేది వోల్టేజీ. రెండోది, వోల్టేజీ ఎప్పుడూ రెండు చోట్ల మధ్య ఉండే తేడాయే. ‘ఈ తీగలో 230 వోల్టులు ఉన్నాయి’ అంటే ‘దేనితో పోలిస్తే?’ అని అడగాలి. మేడ ఎత్తు 30 అడుగులన్నప్పుడు నేల నుంచి అని మనం చెప్పకుండానే అనుకుంటాం. కరెంటు తీగ విషయంలోనూ ఆ ‘నేల’ ఒకటి ఉంది. షాక్ కొట్టే రహస్యమంతా అక్కడే ఉంది.

తీగ మీద వాలిన పిచ్చుకకు ఏమీ కాకపోవడానికి కారణం కూడా ఈ తేడాయే. దాని రెండు కాళ్లూ ఒకే తీగ మీద, ఒకే ‘ఎత్తు’లో ఉన్నాయి. తేడా లేదు కాబట్టి దాని ఒంట్లోంచి కరెంటు పారదు. రెక్కలు చాచిన పెద్ద గబ్బిలం పక్కపక్కనున్న రెండు తీగలను ఒకేసారి తాకితే మాత్రం అక్కడికక్కడే చనిపోతుంది. తీగలు అవే, వోల్టేజీ అదే. మారింది అది తాకిన రెండు చోట్ల మధ్య తేడా.

నీటి పోలిక ఒక చోట మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. పైపు తెగితే నీరు బయటికి కారిపోతుంది. తీగ తెగితే కరెంటు గాల్లోకి కారదు, ఆగిపోతుంది. విద్యుత్తుకు వెళ్లే దారితో పాటు తిరిగి వచ్చే దారి కూడా ఉండాలి. ఆ తిరుగుదారి దొరికిన క్షణంలోనే అది పారుతుంది. మన శరీరం ఆ దారిలో భాగమైతే దాన్నే షాక్ అంటున్నాం.

కవ్వంలా ముందుకూ వెనక్కూ

టార్చిలైటు బ్యాటరీ ఇచ్చే కరెంటు ఒకే దిశలో పారుతుంది. ఇంటికి వచ్చేది ఏసీ, అంటే దిశ మార్చుకుంటూ ఉండే కరెంటు. మజ్జిగ చిలికే కవ్వాన్ని గుర్తు తెచ్చుకోండి. తాడును ఇటు లాగుతారు, అటు లాగుతారు. కవ్వం ఉన్న చోటే ఉండి ఇటూ అటూ తిరుగుతుంది. అది ఎక్కడికీ పోదు, అయినా వెన్న వస్తుంది. మన ఇళ్లలో తీగల్లోని ఎలక్ట్రాన్లు సెకనుకు 50 సార్లు ఇలా ముందుకూ వెనక్కూ ఊగుతాయి. ఊగే దూరం మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. అయినా గ్రైండరు తిరుగుతుంది, ఇస్త్రీ పెట్టె వేడెక్కుతుంది. స్విచ్ వేయగానే బల్బు వెలగడానికి కారణం కూడా ఇదే. ఎలక్ట్రాన్లు స్తంభం నుంచి పరిగెత్తుకు రావు. తీగ పొడవునా ఉన్నవన్నీ దాదాపు ఒకేసారి ఊగడం మొదలుపెడతాయి.

మనం చెప్పుకునే 230 వోల్టులు ఈ ఊగిసలాటకు ఇచ్చిన సమర్థవంతమైన విలువ. అంటే, అంతే వేడి పుట్టించాలంటే ఎన్ని వోల్టుల బ్యాటరీ కావాలో ఆ సంఖ్య. నిజానికి ఫేజ్ తీగ ప్రతి ఊపులోనూ రెండు వైపులా సుమారు 325 వోల్టుల దాకా వెళ్లి వస్తుంది.

ఫేజ్, న్యూట్రల్, ఎర్త్

వీధి చివర ఉండే ట్రాన్స్‌ఫార్మర్ 11 వేల వోల్టుల సరఫరాను ఇళ్లకు సరిపోయేలా తగ్గిస్తుంది. దాని నుంచి మూడు ఫేజ్ తీగలు, ఒక న్యూట్రల్ తీగ బయలుదేరతాయి. ఏ రెండు ఫేజ్‌ల మధ్య చూసినా సుమారు 400 వోల్టుల తేడా ఉంటుంది. ఏ ఒక్క ఫేజ్‌కైనా న్యూట్రల్‌కైనా మధ్య 230 వోల్టులు ఉంటాయి. సాధారణ ఇళ్లకు ఒక ఫేజ్, ఒక న్యూట్రల్ ఇస్తారు.

మన పోలికలో ఫేజ్ అంటే మేడ మీది ట్యాంకు. న్యూట్రల్ అంటే వాడిన నీటిని సంపుకు తిరిగి చేర్చే పైపు. అయితే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ముఖ్యమైన పని చేస్తారు. న్యూట్రల్‌ను అక్కడే భూమిలోకి కలుపుతారు. దాంతో మన కాళ్ల కింది నేల కూడా న్యూట్రల్ మట్టంలోనే, అంటే సున్నా దగ్గర ఉంటుంది. అందుకే ఒక్క ఫేజ్ తీగను ముట్టుకున్నా మనకు షాక్ కొడుతుంది. పిచ్చుక ఒక తీగనే తాకింది. మనం మాత్రం ఒక చేత్తో ట్యాంకును, కాళ్లతో సంపును కలిపినట్టే. చేతికీ పాదాలకూ మధ్య 230 వోల్టుల తేడా ఏర్పడుతుంది. కరెంటు చేతిలోంచి, ఛాతీ మీదుగా, కాళ్ల గుండా నేలలోకి, నేల గుండా ట్రాన్స్‌ఫార్మర్‌కు వెళ్తుంది.

స్విచ్‌ను ఎప్పుడూ ఫేజ్ తీగ మీదే ఎందుకు పెట్టాలో ఇప్పుడు అర్థమవుతుంది. పొరపాటున న్యూట్రల్ మీద పెడితే స్విచ్ ఆపగానే బల్బు ఆరిపోతుంది. కానీ హోల్డరులోకి ఫేజ్ అలాగే వస్తూ ఉంటుంది. బల్బు మార్చడానికి స్టూలెక్కిన మనిషి స్విచ్ ఆపాను కదా అనుకుంటాడు. అందుకే బల్బు మార్చేటప్పుడు కూడా మెయిన్ ఆపడం మంచిది.

టెస్టరు వెలగడం కూడా ఇదే సూత్రం మీద జరుగుతుంది. టెస్టరు లోపల చిన్న నియాన్ దీపం, దానికి వరసలో చాలా ఎక్కువ నిరోధం ఉన్న చిన్న ముక్క ఉంటాయి. ఆ నిరోధం సుమారు 10 లక్షల ఓమ్‌లు. 230ని 10 లక్షలతో భాగించండి. మిల్లీఆంపియరులో నాలుగో వంతు కంటే తక్కువ వస్తుంది. దీపం వెలగడానికి అది చాలు, మనకు తెలియకుండా ఒంట్లోంచి పోవడానికీ అంతే చాలు.

న్యూట్రల్ విలువ తెలిసేది అది తెగిపోయినప్పుడే. గాలివానకు స్తంభం దగ్గర న్యూట్రల్ ఊడిపోతే ఒక ఇంట్లో బల్బులు కళ్లు చెదిరేలా వెలుగుతాయి, పక్కింట్లో మసకబారతాయి. వేర్వేరు ఫేజ్‌ల మీదున్న రెండు ఇళ్లు అప్పుడు 400 వోల్టుల మధ్య ఒకదాని తర్వాత ఒకటి కట్టినట్టవుతాయి. తక్కువ సామాన్లు నడుస్తున్న ఇంటి మీద ఎక్కువ వోల్టేజీ పడి టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోతాయి. బల్బులు అలా ప్రవర్తిస్తే వెంటనే మెయిన్ ఆపేసి విద్యుత్ సిబ్బందికి చెప్పాలి.

మూడో తీగ ఎర్త్. మామూలుగా దీనికి పనే ఉండదు. మేడ మీద ట్యాంకుకు ఓవర్‌ఫ్లో పైపు పెడతాం కదా, అలాంటిది ఇది. ఏళ్ల తరబడి పొడిగా ఉండవచ్చు. కానీ అవసరమైన రోజున అది లేకపోతే నీరు స్లాబు మీదికి, గోడల్లోకి పోతుంది. గీజరు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఇస్త్రీ పెట్టె, కూలరు లాంటి వాటి లోహపు ఒంటిని ఎర్త్ తీగతో కలుపుతారు. ఆ తీగ మరో చివర ఇంటి పక్కన తవ్విన గుంటలో పాతిన ఇనుప గొట్టానికో రేకుకో కలుస్తుంది. లోపలి తీగ చిట్లి ఫేజ్ ఆ లోహాన్ని తాకితే, కరెంటు మన కోసం ఎదురుచూడకుండా ఈ తీగ గుండా భూమిలోకి పోతుంది. మూడు పిన్నుల ప్లగ్గులో పైనున్న పిన్ను మిగతా రెండింటికంటే పొడుగ్గా, లావుగా ఉండేది అందుకే. ప్లగ్గు పెట్టేటప్పుడు ఎర్త్ ముందుగా కలవాలి, తీసేటప్పుడు చివరగా విడిపోవాలి.

గోడల్లో వేసే తీగల్లో మన దగ్గర ఎరుపు, పసుపు, నీలం రంగులు ఫేజ్‌కు, నలుపు న్యూట్రల్‌కు, ఆకుపచ్చ ఎర్త్‌కు వాడటం అలవాటు. సామాన్లతో వచ్చే వైర్లలో మాత్రం గోధుమ రంగు ఫేజ్, నీలం న్యూట్రల్, పసుపు చార ఉన్న ఆకుపచ్చ ఎర్త్. నీలం ఒక చోట ఫేజ్, మరో చోట న్యూట్రల్ కావచ్చు. కాబట్టి రంగును మాత్రమే నమ్మి తీగ ముట్టుకోకూడదు.

ఎంసీబీ కళ్లకు మనం సీలింగ్ ఫ్యాను కంటే చిన్న

తీగలో కరెంటు పారితే అది వేడెక్కుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. అందుకే లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, గీజరు, ఏసీలకు 4 చదరపు మిల్లీమీటర్ల మందం ఉన్న తీగలు వేయడం మామూలు. 2000 వాట్ల గీజరు సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె 4.3 ఆంపియర్లు. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు అయితే 0.04 ఆంపియరే. ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఇండక్షన్ పొయ్యి, ఇస్త్రీ పెట్టె, హీటరు కలిపి పెడితే తీగ మోయగలిగినదానికి మించి కరెంటు పారి, పైనున్న ప్లాస్టిక్ కరిగి, నిప్పంటుకుంటుంది.

ఆ ముప్పును ఆపేది ఎంసీబీ. దాని లోపల రెండు ఏర్పాట్లు ఉంటాయి. కరెంటు కొంచెం ఎక్కువై చాలాసేపు పారితే, రెండు లోహాలు అతికించిన పట్టీ వేడికి వంగి స్విచ్‌ను పడేస్తుంది. షార్ట్ సర్క్యూట్ అయి కరెంటు ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగితే, తీగచుట్ట అయస్కాంతంగా మారి క్షణంలో పడేస్తుంది. పాత ఇళ్లలో పింగాణీ ఫ్యూజులోని సన్నతీగ కాలిపోవడం కూడా ఇదే పని. మాటిమాటికీ కాలిపోతోందని అందులో లావు రాగితీగ చుడితే ఇక ఫ్యూజు కాలదు. దాని బదులు గోడలోని తీగే కాలుతుంది.

ఇప్పుడు మనిషి సంగతి. పొడిగా ఉన్న చర్మానికి నిరోధం కొన్ని వేల ఓమ్‌ల నుంచి లక్ష ఓమ్‌ల దాకా ఉండవచ్చు. తడిస్తే అది సుమారు వెయ్యి ఓమ్‌లకు పడిపోతుంది. తడి చేత్తో, చెప్పుల్లేకుండా ఫేజ్‌ను తాకినవారి ఒంట్లోంచి ఎంత కరెంటు పారుతుంది? 230ని 1000తో భాగిస్తే 0.23 ఆంపియర్లు, అంటే 230 మిల్లీఆంపియర్లు.

ఈ సంఖ్యను రెండు వైపుల నుంచి చూడాలి. 16 ఆంపియర్ల ఎంసీబీకి 0.23 అంటే లెక్కలోకి రాని మొత్తం. 75 వాట్ల సీలింగ్ ఫ్యాను కూడా 0.33 ఆంపియర్లు తీసుకుంటుంది. కాబట్టి ఎంసీబీ దృష్టిలో షాక్ తగిలిన మనిషి ఒక ఫ్యాను కంటే చిన్న లోడు. అది పడదు, పడవలసిన కారణమూ దానికి కనిపించదు.

మన శరీరానికి మాత్రం ఆ మొత్తం ప్రాణాంతకం. సుమారు 1 మిల్లీఆంపియరు దగ్గర జిల్లుమంటుంది. 10 దాటే సరికి చేతి కండరాలు బిగుసుకుపోతాయి. ‘కరెంటు పట్టేసింది’ అంటారే, నిజానికి పట్టుకునేది కరెంటు కాదు, మన సొంత కండరాలే. విడిపించుకోవాలనుకున్నా వేళ్లు విచ్చుకోవు. 30 మిల్లీఆంపియర్ల ప్రాంతంలో ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది. 50 నుంచి 100 దాకా వెళ్లి కొద్దిసేపు కొనసాగితే గుండె లయ తప్పి, రక్తాన్ని తోయలేక, వణకడం మొదలుపెడుతుంది. స్నానాలగదిలో ప్రమాదాలు ఎక్కువ తీవ్రంగా ఉండటానికి కారణం అక్కడి వోల్టేజీ కాదు. తడి చర్మం, చెప్పుల్లేని కాళ్లు, చేతిలో లోహపు కుళాయి.

ఎర్త్ ఉంటే చాలా?

గీజరు లోపల ఫేజ్ తీగ చిట్లి లోహపు ఒంటిని తాకిందనుకుందాం. ఎర్త్ లేదు. అప్పుడు ఆ గీజరు ఒళ్లంతా 230 వోల్టుల మీద కూర్చుని ఉంటుంది. ఎవరూ ముట్టుకోనంత వరకు ఏమీ జరగదు. నీరు కూడా మామూలుగానే వేడెక్కుతుంది.

ఎర్త్ బాగుంది, గుంట దగ్గర నిరోధం 5 ఓమ్‌లు అనుకుందాం. ట్రాన్స్‌ఫార్మర్ వైపు నిరోధాన్ని లెక్క తేలిక కోసం వదిలేద్దాం. 230ని 5తో భాగిస్తే 46 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ దీన్ని భరించదు, నిమిషంలోపే పడిపోతుంది. అంటే ఎర్త్ తీగ కరెంటును భూమిలోకి పంపడమే కాదు, ఎంసీబీకి ప్రమాదాన్ని కనిపించేలా చేస్తుంది కూడా.

అదే గుంటను ఇల్లు కట్టిన రోజున తవ్వి పదిహేనేళ్లుగా ఎవరూ పట్టించుకోలేదనుకుందాం. గొట్టం తుప్పుపట్టింది, ఎండాకాలంలో మట్టి పొడిబారింది. నిరోధం 25 ఓమ్‌లకు పెరిగింది. ఇప్పుడు 230ని 25తో భాగిస్తే 9.2 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీ దీన్ని మామూలు గీజరు లోడు అనుకుంటుంది. అది పడదు. గీజరు ఒళ్లు 230 వోల్టులకు దగ్గరలోనే ఉండిపోతుంది. పేరుకు ఎర్త్ ఉంది, ప్రాణానికి లేదు. ఎర్త్ గుంటలో బొగ్గు, ఉప్పు వేసి, ఎండాకాలంలో నీళ్లు పోయమని పెద్దలు, పాత ఎలక్ట్రీషియన్లు చెప్పేది అందుకే. తడి, ఉప్పు కలిసిన మట్టి కరెంటును తేలిగ్గా పోనిస్తుంది. బొగ్గు ఆ తడిని పట్టి ఉంచుతుంది.

ఇక మొదట చెప్పుకున్న ‘జిల్లుమనడం’ దగ్గరకు వద్దాం. ఎర్త్ సరిగ్గా ఉంటే ఆ లోహపు ఒళ్లు నేలతో పాటు సున్నా దగ్గరే ఉండాలి. తేడా లేకపోతే కరెంటు ఉండదు, జిల్లుమనదు. కాబట్టి జిల్లుమంటోందంటే ఎక్కడో కరెంటు కారుతోందని, దాన్ని తీసుకుపోవాల్సిన ఎర్త్ పనిచేయడం లేదని అర్థం. లోహపు ఒళ్లున్న లాప్‌టాప్‌లు, కంప్యూటర్లు బాగున్నా కూడా కొద్దిగా జిల్లుమనడం చూస్తుంటాం. వాటి పవర్ సప్లయ్‌లోని చిన్న కెపాసిటర్ల నుంచి వచ్చే కరెంటు చాలా స్వల్పం, దానంతట అది ప్రాణం తీయదు. కానీ మూడు పిన్నుల ప్లగ్గుతో నడిచే వాటి విషయంలో అది చెప్పే కబురు మాత్రం అదే. ఆ ప్లగ్గుకు ఎర్త్ అందడం లేదు. ఇవాళ జిల్లుమన్న చోటే, లోపలి ఇన్సులేషన్ ఇంకాస్త చిట్లిన రోజున, పూర్తి 230 వోల్టులు ఉంటాయి.

పశువుల లెక్క తెలిసిన స్విచ్

పొద్దున మేతకు తోలిన పశువులను కాపరి సాయంత్రం దొడ్లోకి తోలేటప్పుడు లెక్కపెడతాడు. ముప్పై వెళ్తే ముప్పై రావాలి. ఒక్కటి తగ్గినా ఎక్కడో దారి తప్పిందని తెలుస్తుంది. ఆర్‌సీసీబీ చేసేది సరిగ్గా ఈ పనే. ఫేజ్ గుండా ఇంట్లోకి ఎంత కరెంటు వెళ్లిందో న్యూట్రల్ గుండా అంతే తిరిగి రావాలి. తక్కువ వచ్చిందంటే మిగతాది గీజరు ఒంటి మీదుగానో, తడి గోడ మీదుగానో, మనిషి మీదుగానో నేలలోకి పోతోందన్న మాట.

దీని లోపలి నిర్మాణం అందంగా ఉంటుంది. ఫేజ్, న్యూట్రల్ తీగలు రెండూ ఒకే అయస్కాంత పదార్థపు ఉంగరం గుండా వెళ్తాయి. ఒకదానిలో కరెంటు ఇటు పోతుంటే రెండోదానిలో అటు వస్తుంటుంది. రెండూ సమానమైతే వాటి అయస్కాంత క్షేత్రాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. తేడా వస్తే ఉంగరంలో కొంత క్షేత్రం మిగులుతుంది. అది ఉంగరానికి చుట్టిన మూడో తీగచుట్టలో వోల్టేజీ పుట్టించి స్విచ్‌ను పడేస్తుంది. ఇంట్లో 20 ఆంపియర్లు నడుస్తున్నా, 2 ఆంపియర్లు నడుస్తున్నా దానికి పట్టదు. రాకపోకల తేడా ఒక్కటే చూస్తుంది.

మనుషుల రక్షణకు వాడే ఆర్‌సీసీబీ 30 మిల్లీఆంపియర్ల తేడాకు పడిపోవాలి. అది కూడా సెకనులో మూడో వంతు లోపే. తేడా ఇంకా పెద్దదైతే మరింత వేగంగా. ముందు లెక్కలో ఎంసీబీకి కనిపించని 230 మిల్లీఆంపియర్లు దీనికి చాలా పెద్ద తేడా. 25 ఓమ్‌ల పాత ఎర్త్ గుంట దగ్గర పారే 9.2 ఆంపియర్లయితే 30 మిల్లీఆంపియర్లకు 300 రెట్లు. అందుకే ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో ఎర్త్ మరీ గొప్పగా లేకపోయినా పని జరుగుతుంది.

అలాగని ఎర్త్ అక్కర్లేదని కాదు. ఎర్త్ ఉంటే గీజరు చెడిన క్షణంలోనే ఆర్‌సీసీబీ పడుతుంది, స్నానానికి ఎవరూ వెళ్లకముందే. ఎర్త్ లేకపోతే తేడా ఏర్పడాలంటే ఎవరో ఒకరు ముట్టుకోవాలి. అప్పుడు కూడా పడుతుంది, కానీ ఆ వ్యక్తికి షాక్ తగిలాక.

ఆర్‌సీసీబీకి హద్దులూ ఉన్నాయి. ఒక చేత్తో ఫేజ్‌ను, మరో చేత్తో న్యూట్రల్‌ను పట్టుకుంటే వెళ్లినంతా తిరిగి వస్తుంది. లెక్క తప్పదు, అది పడదు. తీగ వేడెక్కడాన్ని అది చూడదు కాబట్టి ఎంసీబీ కూడా ఉండి తీరాలి. రెండు పనులనూ ఒకే పెట్టెలో చేసేది ఆర్‌సీబీవో.

ఇన్వర్టరు పెట్టాక ఆర్‌సీసీబీ చీటికిమాటికి పడుతోందని దాన్ని తీయించేసే ఇళ్లు ఉన్నాయి. చాలాసార్లు అసలు కారణం, రెండు వేర్వేరు సర్క్యూట్ల న్యూట్రల్‌లను ఒకచోట కలిపేయడం. ఒక దొడ్డి పశువులు మరో దొడ్లోకి పోతే లెక్క తప్పినట్టే కనిపిస్తుంది. దిద్దవలసింది వైరింగ్‌ను. లెక్కపెట్టేవాణ్ని తీసేస్తే సమస్య పోదు, మనకు తెలియకుండా పోతుంది.

ఈ ఆదివారం చూసుకోవలసినవి

1. బోర్డు తెరిచి ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడండి. దాని మీద 30 ఎంఏ అని గానీ 0.03 ఏ అని గానీ రాసి ఉంటుంది. ‘టెస్ట్’ అనే చిన్న బటన్ ఉంటుంది. మామూలు ఎంసీబీకి ఆ బటన్ ఉండదు.

2. కరెంటు ఉన్నప్పుడు ఆ బటన్ నొక్కండి. వెంటనే పడాలి. పడకపోతే మార్పించాలి. నెలకోసారి ఇలా నొక్కి చూడటం అలవాటు చేసుకోండి. అయితే ఈ బటన్ స్విచ్ పనితీరునే చెబుతుంది, ఎర్త్ సంగతి చెప్పదు.

3. ఎర్త్ గుంట ఎక్కడుందో తెలుసుకోండి. దాని మీద బండలు పరిచేశారా? తీగ గొట్టానికి బిగించిన చోట తుప్పు పట్టిందా? ఎర్త్ నిరోధాన్ని ఎర్త్ టెస్టరుతో కొలిపించండి. బల్బు వెలిగింది కాబట్టి ఎర్త్ బాగుందనడం సరికాదు. 25 ఓమ్‌ల ఎర్త్ మీద కూడా చిన్న బల్బు చక్కగా వెలుగుతుంది.

4. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల బోర్డులో పెట్టడానికి ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం, రెండు పిన్నుల అడాప్టర్ వాడటం మానండి. ఫోన్ చార్జర్ లాంటివి రెండు పిన్నులతోనే వస్తాయి. వాటికి రెండు పొరల ఇన్సులేషన్ ఉంటుంది, ఒక చదరంలో మరో చదరం గుర్తు దానికి సంకేతం.

5. బట్టలు ఆరేసే ఇనుప తీగను కరెంటు స్తంభానికి, సర్వీసు వైరు కట్టిన కొక్కేనికి, కూలరు పక్కనున్న కిటికీ చువ్వలకు కట్టకండి. సర్వీసు వైరు ఒరుసుకుని చిట్లితే తడి బట్ట, తడి చెయ్యి, తడి నేల ఒక వరసలోకి వస్తాయి. నైలాన్ తాడు కట్టుకోండి.

6. కూలరులో నీళ్లు పోసేటప్పుడు స్విచ్ ఆపి, ప్లగ్గు కూడా తీయండి. నీళ్లలో ముంచే హీటరు పెట్టినప్పుడు దాన్ని ఆపి, ప్లగ్గు తీశాకే వేడి చూడండి.

ఎవరికైనా షాక్ తగిలితే మీ చేత్తో పట్టి లాగకండి. మీరూ ఆ దారిలో భాగమవుతారు. ముందు మెయిన్ ఆపండి. అది దూరంగా ఉంటే పొడి చెక్క మీద గానీ ప్లాస్టిక్ స్టూలు మీద గానీ నిలబడి, పొడి కర్రతో తీగను పక్కకు తొలగించండి. ఇది ఇంటి తీగలకు మాత్రమే. స్తంభాల మీది హైటెన్షన్ తీగ తెగిపడితే దాని దరిదాపులకు కూడా పోకూడదు. మనిషి విడిపడ్డాక ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయించి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. వణుకుతున్న గుండె నుంచి మెదడుకు రక్తం అందదు. సహాయం వచ్చేదాకా ఆ పని మీ చేతులే చేయాలి. బయటికి గాయం కనిపించకపోయినా, తేరుకున్నా, ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కొత్తగా ఇల్లు కట్టేవారు, అద్దెకు దిగేవారు టైల్స్ రంగు, స్విచ్‌ల బ్రాండు అడుగుతారు. వాటితో పాటు మరో మూడు ప్రశ్నలు అడగండి. ఎర్త్ గుంట ఎక్కడ ఉంది? దాని నిరోధం ఎన్ని ఓమ్‌లు? బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందా? ఈ మూడింటికీ జవాబు దొరికాక గీజరు స్విచ్ వేయండి.